మన ఊళ్లో ఎవరెవరం? – జనాభా లెక్కల్లో మన పల్లె చరిత్ర



ప్రతి ఏడూ ఈ నివేదికలో మన సంఘాల లెక్కలు అచ్చవుతాయి. ఎన్ని సంఘాలున్నాయి, పొదుపు ఎంతయింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి అప్పు ఎంత తీరింది, అన్నీ పైసతో సహా ఉంటాయి. ఒక్క సభ్యురాలి ఖాతాలో పది రూపాయలు తేడా వచ్చినా మీటింగులో పొద్దుమూకేదాకా కూర్చుని తేల్చుకుంటాం. ఈసారి నేను రాసేది ఇంకో లెక్క గురించి. మన ఊరిలో ఎంతమందిమి ఉన్నాం, ఏ ఏ కులాల వాళ్లం, ఎవరం ఎక్కడి నుంచి వచ్చాం, ఏం పని చేసుకుని బతుకుతున్నాం అనే లెక్క. దీన్ని నిజాం కాలం నుంచి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందులో మన ఆడవాళ్లను ఎట్లా రాశారు, ఎక్కడ రాయలేదు అన్నది తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ లెక్క మళ్లీ మన గడపకు వస్తున్నది.

మొదటి లెక్కలు

మన హైదరాబాద్ సంస్థానంలో మొదటి జనాభా లెక్క 1881లో జరిగింది. అదే ఏడు దేశమంతటా ఒక్కసారే మనుషుల్ని లెక్కపెట్టారు. అప్పటి సంస్థానం అంటే మన తెలంగాణ ఒక్కటే కాదు, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా అందులోనే ఉండేవి. మొత్తం కలిపి 98 లక్షల మంది తేలారు. పదేళ్ల తర్వాత 1891లో ఆ లెక్క 1 కోటి 15 లక్షలయింది.

ఆ తర్వాత పదేళ్లకు, 1901లో, జనం పెరగాల్సింది పోయి 1 కోటి 11 లక్షలకు తగ్గారు. మధ్యలో 1899-1900 కరువు వచ్చింది. 1911లో 1 కోటి 33 లక్షలకు లేచారు. 1921లో మళ్లీ 1 కోటి 24 లక్షలకు పడిపోయారు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరం దేశమంతా ఇళ్లకు ఇళ్లను ఊడ్చిపెట్టింది. దేశం మొత్తం మీద జనాభా తగ్గింది కూడా ఆ ఒక్క పదేళ్లలోనే. మన ముసలివాళ్లు 'గత్తరొచ్చిన ఏడు' అని, 'ఊరు పాడువడ్డ ఏడు' అని చెప్పుకునే మాటలు ఈ అంకెల్లోనే దాగి ఉన్నాయి. కలరాను మన దగ్గర గత్తర అంటారు కదా. పోచమ్మకు, ముత్యాలమ్మకు బోనాలు ఎత్తిన తల్లులు ఊరికే ఎత్తలేదు. మందు లేని రోజుల్లో పిల్లలు దక్కాలని ఎత్తారు.

ఆ రోజుల్లో వయసు అడిగితే ఎవరికి తెలుసు? 'పెద్ద కరువుకు నేను పాలు తాగే పిల్లను', 'రజాకార్ల కాలంలో నాకు పెండ్లయింది' అని చెప్పేవాళ్లు. లెక్క రాసేవాళ్లు అట్లాంటి గుర్తులను పట్టుకునే వయసు కట్టుకునేవాళ్లు. అందుకే పాత లెక్కల్లో 30, 35, 40, 45 ఏళ్ల వాళ్లు మరీ ఎక్కువగా, 31, 37 ఏళ్ల వాళ్లు తక్కువగా కనిపిస్తారు. అందరూ అందాజాగా సరి అంకె చెప్పారన్నమాట. ఇగ ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదనే ఆచారం మన నానమ్మల దాకా నడిచింది. వాళ్ల పేరు అడిగేవాళ్లే తక్కువ. 'ఫలానా వాళ్లింటి కోడలు' అంటే సరిపోయేది.

శామీర్‌పేట – ఒక ఊరి మీద రాసిన పుస్తకం

లెక్కల్లో ఊరు ఒక్క గీతలో అయిపోతుంది. ఊరి పేరు, ఇళ్లు, మగ, ఆడ, మొత్తం. ఆ గీత వెనక ఎవరున్నారో తెలియాలంటే ఎవరైనా వచ్చి ఊళ్లో కూర్చుని చూడాలి. మన తెలంగాణలో ఒక ఊరికి అట్లాంటి అదృష్టం దొరికింది. అదే శామీర్‌పేట. హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సులో కూర్చున్న ప్రతి అక్కకూ ఆ చెరువు తెలుసు.

1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎస్.సి. దూబే అనే మానవశాస్త్రవేత్త, ఆయన బృందం శామీర్‌పేటకు వచ్చి ఊరిని చదివారు. ఆయన రాసిన 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం 1955లో అచ్చయింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఒక భారత గ్రామం మీద పూర్తిగా రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. దేశదేశాల కాలేజీల్లో మన తెలంగాణ పల్లె పాఠం అయింది.

అప్పుడు శామీర్‌పేటలో సుమారు రెండున్నర వేల మంది ఉన్నారు. అంత చిన్న ఊళ్లోనే ఎన్ని కులాలో చూడండి. బ్రాహ్మణులు, కోమట్లు, రెడ్లు, వడ్ల–కమ్మరి–అవుసుల వాళ్లు, ముత్రాసులు, కుమ్మరులు, గొల్లలు, సాలెలు, గౌండ్లవాళ్లు, చాకలివాళ్లు, మంగలివాళ్లు, వడ్డెరలు, ఎరుకలవాళ్లు, పిచ్చకుంట్లవాళ్లు, మాలలు, మాదిగలు. వీళ్లు కాక ముస్లింలు. మన మండలంలో ఏ ఊరి పేరు తీసుకున్నా కొంచెం అటు ఇటుగా ఇదే వరుస వస్తుంది. అందుకే శామీర్‌పేట గురించి చదువుతుంటే మన ఊరి గురించే చదివినట్టు ఉంటుంది.

ఊళ్లో ప్రతి కులానికి ఒక పని ఉండేది. నాగలి వడ్లాయన చేస్తాడు, కర్రు కమ్మరాయన సాగదీస్తాడు, కుండ కుమ్మరాయన ఇస్తాడు, తోలు పని మాదిగాయన చేస్తాడు. వీళ్లకు పైసలు ఇచ్చేది తక్కువ. పంట వచ్చినప్పుడు కళ్లం కాడ గింజలు కొలిచేవాళ్లు. ఒక్కో వృత్తిదారుకు కొన్ని రైతు కుటుంబాలు కట్టుబడి ఉండేవి. తాతల నుంచి మనవళ్ల దాకా అదే సంబంధం నడిచేది. ఊరి మీద పెత్తనం పటేలుది, పట్వారీది. పోలీసు పటేలు తగాదాలు చూసేవాడు, మాలీ పటేలు శిస్తు వసూలు చేసేవాడు, పట్వారీ భూమి కాగితాలు రాసేవాడు. చెరువు నీళ్లు పంచేందుకు నీరటి ఉండేవాడు.

ఈ ఏర్పాటును కొందరు ఇప్పుడు తలుచుకుని 'ఆ రోజుల్లో ఊరంతా ఒక్క కుటుంబం లెక్క ఉండేది' అంటారు. పీర్ల పండుగకు హిందువులు కూడా మొక్కులు చెల్లించడం, బతుకమ్మకు ఊరి ఆడపిల్లలంతా పుట్టింటికి రావడం, ఒకరి పెండ్లిలో ఇంకొకరి పని ఉండటం నిజమే. కానీ ఆ కుటుంబంలో కొందరు గడప లోపల, కొందరు గడప బయట ఉండేవాళ్లు. మాలవాడ, మాదిగవాడ ఊరికి చివర ఉండేవి. నీళ్ల బావి వేరు, హోటల్లో గ్లాసు వేరు. వెట్టికి రమ్మంటే రావాలి, కూలి అడగకూడదు. గింజలు ఎంత కొలవాలో చెప్పేది కొలిచేవాడే, పుచ్చుకునేవాడు కాదు. ఊరి చరిత్ర చెప్పేటప్పుడు పండుగ ఒక్కటి చెప్పి వెట్టి వదిలేస్తే అది సగం చరిత్రే.

ఒక్క పేరు, ఇంటిల్లిపాది పని

పాత ఊరి గురించి రాసినవాళ్లు 'చాకలివాడు బట్టలు ఉతుకుతాడు', 'కుమ్మరివాడు కుండలు చేస్తాడు' అని రాస్తారు. మన ఇళ్లల్లో చూస్తే ఆ పని ఒక్క మగమనిషి వల్ల అయ్యేదేనా? ఇంటింటికీ తిరిగి మైల బట్టలు తెచ్చేది, రాత్రి అన్నం అడుక్కొచ్చేది చాకలి అక్కే. కుండకు మట్టి తొక్కేది, ఎండబెట్టేది, గంపకెత్తి ఊరూరా అమ్మేది కుమ్మరి అక్కే. సాలెవాళ్ల ఇంట్లో కండెలు చుట్టకపోతే మగ్గం ఆడదు. ఊళ్లో ఏ ఇంట్లో కాన్పు అయినా మంత్రసానిగా వచ్చేది చాలా ఊళ్లలో మంగలి అమ్మమ్మే. మన తల్లులు, మేనత్తలు చాలామంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడవాళ్లే. నాగలి మాత్రం పట్టనివ్వరు. నాగలి పట్టినవాడి పేరే రైతు అని పట్వారీ పహాణీలో ఎక్కుతుంది.

తాను పండించిన పంట కోసం కొట్లాడిన ఆడమనిషి మన తెలంగాణలోనే ఉంది. పాలకుర్తి చాకలి ఐలమ్మ. తాను కౌలుకు సాగుచేసిన భూమి పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం అండతో నిలబడి గింజలు ఇంటికి తెచ్చుకుంది. సాయుధ పోరాటానికి ఆమె కథ ఒక నిప్పురవ్వ అయింది. ఆమెను మనం వీరవనితగా తలుచుకుంటాం, మంచిదే. దాంతోపాటు ఆమె ఒక రైతు అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. చాకలి కులంలో పుట్టిన ఆడమనిషి రైతుగా సాగు చేసింది. 'ఈ కులం వాళ్లది ఈ పని' అనే పట్టికలో ఆమె ఎక్కడ పడుతుంది?

మన దగ్గర ఆడపిల్లకు వారసత్వ ఆస్తిలో సమాన హక్కు చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. పటేలు, పట్వారీ పదవులు 1984లో రద్దయ్యాయి. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. పట్వారీ పోయినా కాగితంలో మగవాళ్ల పేర్లే చాలాకాలం మిగిలాయి. మన సంఘాల్లో ఎంతమంది పేరు మీద గుంట భూమి ఉందో లెక్కేసుకుంటే ఈ మాట అర్థమవుతుంది.

పేరు మారితే అంకె మారుతుంది

జనాభా లెక్కలో ఒక కులాన్ని లేదా జాతిని ఏ వరుసలో రాస్తారు అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో ప్రతి లెక్కలో అన్ని కులాలను రాసేవాళ్లు. అట్లా పూర్తి కులాల వివరాలు అచ్చయిన చివరి లెక్క 1931ది. స్వాతంత్ర్యం వచ్చినాక 1951 నుంచి షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలు మాత్రమే రాస్తున్నారు. మిగతా అందరూ ఒకే కుప్ప. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల జాబితా 1970లో ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా వచ్చింది. ఆ కులాల వాళ్లు ఎందరున్నారంటే మాత్రం చాలాకాలం అందాజా లెక్కే.

లంబాడీ అక్కల సంగతి చూడండి. తండాలు తరతరాలుగా మన ఊళ్ల పక్కనే ఉన్నాయి. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలను 1976లో షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు. 1971 లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు 16.58 లక్షలు. 1981 లెక్కలో 31.76 లక్షలు. పదేళ్లలో అంత ఎట్లా పెరిగారు? పుట్టుకల వల్ల అంత పెరగరు. తండాలో ఉన్నవాళ్లే ఉన్నారు, లెక్కలో వాళ్ల వరుస మారింది. ఆ వరుస మారినందుకే వాళ్ల పిల్లలకు హాస్టలు సీటు, చదువు, ఉద్యోగం దారి దొరికింది. తర్వాత 2018లో 500 జనాభా దాటిన తండాలు, గూడేలను సొంత గ్రామ పంచాయతీలు చేశారు. ఒకప్పుడు మన పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండాకు ఇవాళ సొంత సర్పంచు ఉంది. అందులో సగం చోట్ల ఆడవాళ్లకే రిజర్వేషన్.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే మనందరికీ గుర్తుంది. రాష్ట్రమంతా ఒకే రోజు. ముంబై, భీవండి, సూరత్ పోయినవాళ్లు బస్సులు, రైళ్లు ఎక్కి నిలబడి వచ్చారు. 'లెక్కలో పేరు లేకపోతే రేషన్ పోతది' అనే భయం ఒకటి, 'మన రాష్ట్రంలో మనం ఉన్నమని చెప్పాలె' అనే పట్టుదల ఒకటి. ఆ తర్వాత 2024 నవంబర్‌లో మొదలైన కులగణన సర్వేలో మన సంఘం పిల్లలు కూడా చాలాచోట్ల ఇళ్లు చూపించడానికి తిరిగారు. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పారు. ముస్లింలను వదిలి మిగతా వెనుకబడిన తరగతులవాళ్లు 46.25 శాతం, షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతం. ముస్లింలలో వెనుకబడిన తరగతులవాళ్లు 10.08 శాతం. అంటే ఊరి మీద పెత్తనం చేసినవాళ్లకంటే పెత్తనం కింద ఉన్నవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది కూలికి పోయే ప్రతి అక్కకూ ముందే తెలుసు. ఇప్పుడు అంకె వచ్చింది.

ఆడపిల్లల లెక్క

జనాభా లెక్క పుస్తకంలో 'వెయ్యిమంది మగవాళ్లకు ఎంతమంది ఆడవాళ్లు' అని ఒక గీత ఉంటుంది. దేశంలో 1901లో వెయ్యికి 972 మంది ఆడవాళ్లు ఉన్నారు. 1971కి అది 930కి దిగింది. ఆడవాళ్ల స్థితిగతులు చూడటానికి అప్పుడు కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ 1974లో 'సమానత్వం వైపు' అనే నివేదిక ఇచ్చింది. ఆడవాళ్లు తగ్గిపోతున్నారని గట్టిగా చెప్పింది ఆ నివేదికే. ఆ కమిటీలో సభ్యురాలు లీలా దూబే. శామీర్‌పేట మీద పుస్తకం రాసిన దూబే గారి భార్య, ఆమె కూడా మానవశాస్త్రవేత్తే. భర్త ఊరిని చదివితే భార్య ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఎందుకు తగ్గుతున్నారని అడిగిన వాళ్లలో ఒకరైంది.

2011 లెక్కలో దేశంలో వెయ్యికి 943 మంది, మన తెలంగాణలో 988 మంది. 'మన దగ్గర బాగానే ఉంది కదా' అనిపిస్తుంది. కానీ ఆరేళ్ల లోపు పిల్లల లెక్క వేరే చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వెయ్యిమంది మగపిల్లలకు 961 మంది ఆడపిల్లలు ఉంటే, 2011లో 939కి తగ్గారు. పదేళ్లలో వెయ్యికి 22 మంది తక్కువ. వాళ్లు ఎక్కడ పోయారు? కడుపులో ఎవరున్నారో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చినా స్కానింగుకు పోయేవాళ్లున్నారు, చెప్పేవాళ్లున్నారు. మన గ్రామ సంఘం మీటింగులో అప్పుల గురించి ఎంత ధైర్యంగా మాట్లాడతామో దీని గురించి అంత మాట్లాడం. మాట్లాడాలి.

చదువు లెక్క కూడా చూడండి. 1951లో దేశంలో వందమంది ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు తొమ్మిదిమంది కూడా లేరు. 2011లో తెలంగాణలో మగవాళ్లు 75.04 శాతం, ఆడవాళ్లు 57.99 శాతం చదువుకున్నవాళ్లు. మధ్యలో 17 శాతం తేడా. మన సంఘాల్లో వేలిముద్ర వేసే అక్కలు ఆ తేడాలోని మనుషులే. సంతకం నేర్చుకుంటామని మొదలుపెట్టి ఇప్పుడు తీర్మానాల పుస్తకం చదివేదాకా వచ్చిన అక్కలు కూడా ఉన్నారు.

ఇప్పటి ఊరు

దూబే చూసిన ఊరు ఇప్పుడు లేదు. కుండ పోయి స్టీలు బిందె, ప్లాస్టిక్ టబ్బు వచ్చాయి. మగ్గం పోయి రెడీమేడ్ వచ్చింది. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. వడ్లాయన కొడుకు పట్నంలో ఫర్నిచర్ షాపులో కూలి. గౌండ్ల పిల్లలు తాటిచెట్టు ఎక్కడం తగ్గింది. కాన్పుకు 108 వస్తున్నది. శామీర్‌పేట అయితే ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉంది. చుట్టూ పెద్ద కంపెనీలు, కాలేజీలు వచ్చాయి.

కులం పని పోయింది గానీ కులం పోలేదు. వాడలు అట్లాగే ఉన్నాయి. పెండ్లి సంబంధాలు అట్లాగే ఉన్నాయి. మన సంఘాలు కూడా మొదట్లో వాడల వారీగానే కట్టుకున్నాం. పక్కిళ్ల వాళ్లు ఒకరికొకరు జామీను ఉంటారని అట్లా చేశాం, దాని మంచి దానికుంది. గ్రామ సంఘంలోకి వచ్చేసరికి అన్ని వాడల అక్కలు ఒకే చాప మీద కూర్చున్నారు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర అది ఎన్నడూ జరగలేదు. ఒకే బిందె నీళ్లు, ఒకే గ్లాసు. దీన్ని ఏ జనాభా లెక్కా రాయదు, కాబట్టి ఈ నివేదికలో రాస్తున్నాను.

ఊరిలోకి కొత్తవాళ్లు వచ్చారు. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, రైస్ మిల్లుల్లో బీహార్ హమాలీలు. ఊరి నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. దుబాయ్, మస్కట్ పోయిన కొడుకులు, భర్తలు. వాళ్లు పైసలు పంపినా పంపకపోయినా పొలం, పశువులు, అత్తమామలు, పిల్లల ఫీజులు, అప్పుల వాళ్లు, అన్నీ ఇక్కడున్న ఆడమనిషి మీదే. కానీ ఇంటి యజమాని ఎవరంటే ఏడేళ్ల నుంచి ఇంటి ముఖం చూడని మనిషి పేరు చెప్తారు.

మళ్లీ లెక్క వస్తున్నది

2021లో జరగాల్సిన జనాభా లెక్క కరోనా వల్ల ఆగిపోయింది. ఇప్పుడు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్యలో ఇళ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క అని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈసారి అన్ని కులాలను కూడా రాస్తారు. 1931 తర్వాత ఇదే మొదటిసారి.

ఇది మనకెందుకు? రేషన్ బియ్యం ఎంతమందికి ఇవ్వాలనే కేంద్రం కోటా ఇంకా 2011 లెక్క మీదే నడుస్తున్నది. అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు అని 2023లో చట్టం చేశారు కదా, అది జనాభా లెక్క, దాని తర్వాత నియోజకవర్గాల విభజన అయినాకే అమలవుతుందని ఆ చట్టంలోనే రాశారు. ఇవన్నీ మన గడప దగ్గర మనం చెప్పే జవాబుతో ముడిపడి ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న పని గురించి. 'ఏం పని చేస్తవమ్మా?' అంటే 'ఏం లేదు సారూ, ఇంటికాన్నే ఉంట' అని మనలో చాలామంది చెప్తారు. పొద్దున నాలుగింటికి లేచి బర్రె పాలు పిండి, పేడ తీసి, వంట చేసి, సద్ది కట్టుకుని పత్తి ఏరడానికి పోయి, వచ్చి మళ్లీ వంట చేసిన మనిషి చెప్పే మాట అది. దాంతో లెక్కలో 'పని చేయని మనిషి' అవుతుంది.

లెక్కల నియమాలు అంత చెడ్డగా లేవు. సొంత పొలంలో కూలి లేకుండా చేసే పనిని కూడా పనిగా రాయాలని 1991 లెక్క ప్రశ్నలోనే చేర్చారు. ఇంట్లో తాగడానికే పాలు పిండినా, పశువుల పెంపకం పని కిందికే వస్తుందని తర్వాతి లెక్కల సూచనల్లో ఉంది. ఏడాదిలో ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ పని చేస్తే ప్రధాన పనిదారులు, తక్కువైతే ఉపాంత పనిదారులు అని రాస్తారు. మనం చెప్పకపోతే రాసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? వాళ్లకు ఒక్క రోజులో ఎన్నో ఇళ్లు తిరగాలి. అడిగిందానికి ఇంట్లో మగవాళ్లు జవాబు చెప్తే అదే రాసుకుని పోతారు.

వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ మాత్రం జనాభా లెక్క పనిగా చూడదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారని, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలు ఒకవైపు, గంటన్నర కూడా లేదు ఇంకోవైపు. ఈ మాట మీటింగుల్లోనూ ఇంట్లోనూ చెప్పుకోవాలి.

కాబట్టి లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ప్రతి సభ్యురాలు ఈ సంగతులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను:

1. మన పేరు మనమే చెప్పాలి. 'ఫలానా ఆయన భార్య' అని వదిలేయవద్దు.

2. పని అడిగితే చేసే పని చెప్పాలి. సొంత పొలంలో సాగు చేస్తే 'సాగు చేస్తాను' అనాలి. బర్రెలు, మేకలు, కోళ్లు పెంచితే అది చెప్పాలి. కూలికి పోతే ఏ కూలో, ఎన్ని నెలలో చెప్పాలి. బీడీలు చుడితే, బట్టలు కుడితే, పచ్చళ్లు అమ్మితే, కిరాణం నడిపితే అవన్నీ పనులే. సంఘం అప్పుతో పెట్టుకున్న యూనిట్ కూడా పనే.

3. ఇల్లు నడిపేది ఆడమనిషి అయితే ఇంటి యజమానిగా ఆమె పేరే చెప్పాలి. ఒంటరి మహిళలు, భర్త చనిపోయినవాళ్లు అన్న ఇంట్లోనో, కొడుకు ఇంట్లోనో ఒక మూల మనిషిగా మిగిలిపోకుండా, వేరే వండుకుంటే వేరే కుటుంబంగా రాయించుకోవాలి.

4. కులం, ఉపకులం, ఇంట్లో మాట్లాడే భాష ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సిగ్గుపడాల్సింది పేరు చూసి కాదు. ఎవరో చెప్పమన్నారని ఇంకోటి చెప్పవద్దు.

5. వికలాంగులైన పిల్లలు ఉంటే దాచవద్దు. లెక్కలో లేని పిల్లకు బడిలోనూ పింఛనులోనూ చోటు దొరకదు.

6. ఇటుక బట్టీ, మిల్లు, కోళ్ల ఫారం దగ్గర ఉండే పరాయి రాష్ట్రం వాళ్లను రాయడం మరిచిపోతే గుర్తుచేయాలి. రేపు మన పిల్లలు ఇంకో ఊళ్లో అట్లాగే ఉంటారు.

7. చెప్పిన వివరాలు బయటపెట్టకూడదని 1948 జనగణన చట్టంలో ఉంది. లెక్క పేరు చెప్పి ఎవరైనా బ్యాంకు నెంబరు, ఓటీపీ అడిగితే ఇవ్వవద్దు.

మన ఊరి పుస్తకం మనమే

శామీర్‌పేటకు చదువుకున్నవాళ్లు వచ్చి పుస్తకం రాశారు. 1961 లెక్కలప్పుడు ప్రభుత్వం కొన్ని గ్రామాలను ఎంచుకుని ఒక్కోదాని మీద చిన్న పుస్తకాలు వేసింది. మిగతా ఊళ్లలో చాలావాటి చరిత్ర ఎవరూ రాయలేదు. మన ఊరి గురించి కూడా ఎవరో వస్తారని ఎదురుచూడక్కర్లేదు. పేదవాళ్లను గుర్తించే రోజుల్లో మనమే నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం వేశాం కదా. ఏ వాడ ఎక్కడ, ఏ బావి ఎక్కడ, ఏ ఇంట్లో పూట గడవదు, అన్నీ చూపించాం. అధికారుల కాగితంలో లేని ఇళ్లు కూడా ఆ ముగ్గులో ఉన్నాయి. ఆ సాయంత్రమే గాలికి, కాళ్లకు ముగ్గు చెదిరిపోయింది.

అందుకే సమాఖ్యకు నాదొక ప్రతిపాదన. వచ్చే మూడు నెలల్లో ప్రతి గ్రామ సంఘం ఒక సమావేశం దీనికోసమే పెట్టుకోవాలి. ఊళ్లో పెద్ద వయసు అక్కలను, అమ్మమ్మలను అన్ని వాడల నుంచీ పిలవాలి. ఏ కుటుంబాలు ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చి ఊళ్లో స్థిరపడ్డాయి, ఎవరు ఏ వృత్తి చేసేవాళ్లు, ఏ బావి నీళ్లు ఎవరికి రానివ్వలేదు, మంత్రసాని ఎవరు, వెట్టి ఎప్పుడు పోయింది, మొదట బడికి పోయిన ఆడపిల్ల ఎవరు, మొదటి సంఘం ఎవరు పెట్టారు, ఇవన్నీ అడిగి తీర్మానాల పుస్తకంలో వేరే పేజీలు పెట్టి రాయాలి. చదువుకున్న కోడళ్లు, బిడ్డలు రాస్తారు, అత్తలు చెప్తారు. పక్క పేజీలో ప్రతి సభ్యురాలి పేరు, ఆమె ఏడాది పొడుగునా చేసే పనులు రాసుకుంటే, రేపు లెక్క వాళ్లు వచ్చినప్పుడు నోట మాట తడబడదు.

80 దాటిన అమ్మలు ఊరికి నలుగురైదుగురే మిగిలారు. ఈ ఎండాకాలం పనులు తగ్గగానే వాళ్లతో మొదలుపెడదాం.